అత్త వంతు, నా వంతు

కార్తీకం ఆఖరు, ఆదివారం

మెలకువగా ఉండేవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసుకోవాలని నర్సు చెప్పి వెళ్ళింది. లేకపోతే ఈ మంచులో బుర్ర మొద్దుబారిపోతుందట. ఏం రాయాలమ్మా అంటే ఏదైనా అంది. నా బుర్ర పుట్టుకతోనే మొద్దని మా అత్త తవిటమ్మ నీలిగరువు ఊరంతా చెప్పి పెట్టింది కాబట్టి నాకు కొత్తగా పోయేదేమీ లేదు. అయినా రాస్తున్నాను.

ఇవాళ మా ఆయన గౌరీసును పడుకోబెట్టాం. నర్సు ఆయన చేతికి మందు ఎక్కించింది. తలగడ గట్టిగా ఉందని సణుగుతూ సణుగుతూనే నిద్రపోయాడు. ఇక ఎండలొచ్చేదాకా ఆయనకి ఆకలి లేదు, చలి లేదు. నిద్రపెట్టె తలవైపున దీపం వెలిగింది. అది ఆకుపచ్చగా ఉన్నంతకాలం మనిషి హాయిగా ఉన్నట్టు. పసుపు రంగుకి తిరిగితే లోపల ఏదో కలత. ఎరుపు అయితే లేచిపోతున్నట్టు.

మంచుకాలానికి ఇంటికి ఇద్దరికి సరిపడా తిండే వస్తుంది. మిగతావాళ్ళు పడుకోవాలి. అరవై దాటినవాళ్ళకి ఆ మందు పడదు, అందుకని అత్త ఏటా మెలకువే. నేనూ మా ఆయనా ఏడాది మార్చి ఏడాది. పోయినేడు నేను పడుకున్నాను, ఈ ఏడు ఆయన.

నర్సు వెళ్ళిపోయాక అత్త గడప దగ్గర కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"ఆడు పడుకున్నాడు. ఇంక నువ్వూ నానూ ఒకరి మొకం ఒకరం సూసుకోవాల," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూస్తే ఆవిడకే మందు ఎక్కించి పడుకోబెట్టాలనిపించింది.

మార్గశిరం, బుధవారం

రాత్రంతా మంచు పడింది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని కప్పు మీదికెక్కి పారతో తీశాను. నా చిన్నప్పుడు ఈ కొండల మీద పొగమంచు తప్ప ఏమీ ఉండేది కాదు. ఎండ తగ్గాలని సర్కారువాళ్ళు ఆకాశానికి తెర కట్టారు, ఎండ మరీ తగ్గింది. ఇప్పుడు పనసచెట్లు కూడా తెల్లగా ముసుగు తన్ని పడుకుంటున్నాయి.

డేగిసాలో మంచు కరగబెట్టి మేకకి పెట్టాను. మా ఆయన్ని పక్కకి తిప్పి వీపుకి నువ్వులనూనె రాశాను. పెదాలకి తడిగుడ్డ అద్దాను. ఒళ్ళు చల్లగా, బరువుగా, పిండి బస్తాలా ఉంది. మొదటి ఏడాది ఈ పని చేసేటప్పుడు భయపడేదాన్ని. ఇప్పుడు అలవాటైంది.

ఆ తర్వాత చెవిమాట. అది తప్పకూడదు. పడుకున్నవాళ్ళ చెవిలో రోజూ ఇంటివాళ్ళ మాట పడాలి, లేకపోతే నిద్ర మరీ లోతుకి దిగిపోయి మళ్ళీ పైకి రారు. పొద్దున అత్త వంతు, సాయంత్రం నా వంతు. పోయినేడు పెట్టెలో ఉన్నది నేనే కాబట్టి అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏటి అడుగున కూర్చుని గట్టు మీది మాటలు వింటున్నట్టు ఉంటుంది. సగం అర్థమవుతుంది, సగం కలలో కలిసిపోతుంది. నాకు అర్థమైన సగమూ అత్త తిట్లే.

ఆవిడ పీట వేసుకుని, కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి మొదలుపెడుతుంది.

"ఒరే గౌరీసు, ఇన్నావా? నీ పెళ్ళాం ఇయ్యాల అంబల్ల ఉప్పెయ్యనేదు. ఏటే అంటే మరిసిపోనానంటాది, అదేదో గొప్పయినట్టు. పనసపిక్కలు కాల్సమంటే బొగ్గులు సేసినాది. మేక సూడితో ఉన్నాదిరా, మాగమాసానికి ఈనేస్తాది. దాని మొకంలో ఉన్న కళ నీ పెళ్ళాం మొకంలో నేదు."

దీపం ఆకుపచ్చగా, నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది.

సాయంత్రం నేను కూర్చున్నాను. "మంచు పడ్డాది. కప్పు మీద తీసినాను. మేక బాగున్నాది. అత్త బాగున్నాది. పడుకో బావా," అన్నాను. దీపం దానికీ ఆకుపచ్చగానే ఉంది. అత్త మాత్రం కుంపటి దగ్గరనుంచి వినేసింది.

"ఓలె, మొగుడి సెవిలో మాటాడతన్నావా, రేడియోలో వాతావరణం సెప్తన్నావా?"

నాకు మాటలు రావు. ఏం చెయ్యను.

మార్గశిరం, శనివారం

పక్కింటి ఆదిలచ్చి వచ్చింది. రెండిళ్ళకీ మధ్య తాడు కట్టుకున్నాం, అది పట్టుకునే రావాలి, లేకపోతే నడుమదాకా దిగిపోతాం. ఆమె మొగుడూ ఇద్దరు పిల్లలూ పడుకున్నారు. ఆమే, ఆమె ముసలి తండ్రీ మెలకువ. పిక్కలు కాల్చి, ముగ్గురం కుంపటి చుట్టూ కూర్చున్నాం.

పోయినేటి సంగతి ఎత్తింది ఆదిలచ్చి. పై వరసలో ఒక ఇంట్లో అన్నదమ్ములు మంచుకాలం మధ్యలో పొలం గట్టు గురించి పోట్లాడుకున్నారు, నిద్రపెట్టె పక్కనే. పడుకున్న తండ్రి చెవిలో ఆ కేకలు పడ్డాయి. దీపం ఎర్రబడింది, ఆయన లేచి కూర్చున్నాడు.

"లెగిసి, ఏటిరా గోల అన్నాడంట. మద్దేనం దాకే ఉన్నాడు. మందు దిగకుండా లెగిస్తే గుండి తట్టుకోదు కదా," అంది ఆదిలచ్చి.

"అందుకే నాను ఈ ఇంట్ల గొంతెత్తను," అంది అత్త.

నేనూ ఆదిలచ్చీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అత్తకి నవ్వబోతే దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది.

పుష్యం, గురువారం

అత్తకి ఛాతీలో పట్టేసింది. రేడియోలో నర్సుతో మాట్లాడాను. దారి మూసుకుపోయింది, రాలేనంది. ఉన్న మాత్రలు వెయ్యమంది, వేడిగా ఉంచమంది. వేశాను. ఉంచాను.

సాయంత్రం అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఎప్పుడూ నా చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"ఆడ్ని లేపకు," అంది. "లెగిసినాడంటే ఆడూ పోతాడు. నాకు తొందరేటీ నేదు. నన్ను మంచుల ఎట్టీ. ఎండొచ్చినాక ఆడే కొరివెడతాడు."

"అలాగే అత్తా."

"ఆడి దగ్గర ఏడవకు. సెవులు ఇంటాయి. ఏడవాలంటే బైటికెళ్ళి ఏడు."

పుష్యం, శుక్రవారం

తెల్లారేసరికి లేదు.

ఆదిలచ్చిని పిలిచాను. ఇద్దరం కలిసి దుప్పట్లో చుట్టి, ఇంటి వెనక ఎండ తగలని వైపు మంచు తవ్వి పడుకోబెట్టాం. ఈ ఊళ్ళో మంచుకాలంలో పోయినవాళ్ళని అలాగే ఉంచుతారు. ఆదిలచ్చి మా ఇద్దరి వాటా ఏడుపూ ఏడ్చేసింది, నోట్లో కొంగు కుక్కుకుని. నేను బయటే నిలబడ్డాను, ఏడుద్దామనే. గాలికి మొహం బిగిసిపోయింది. ఏడుపు రాలేదు. రాలేదని సిగ్గు కూడా వెయ్యలేదు.

కప్పు మీద మంచు తీశాను, మేకకి నీళ్ళు పెట్టాను, లోపలికి వచ్చాను. ఆయనకి నూనె రాశాను. పొద్దు ఎక్కిపోయింది. అత్త వంతు చెవిమాట మిగిలిపోయింది. నేనే కూర్చున్నాను.

"మంచు పడ్డాది. మేక బాగున్నాది," అన్నాను. అక్కడ ఆగిపోయాను. అత్త బాగుందని అనడానికి నోరు రాలేదు.

దీపం పసుపు రంగుకి తిరిగింది.

పొద్దుటి పూట అమ్మ మాట పడాలి ఆయనకి, పడలేదు. కంగారులో ఏం చేస్తున్నానో తెలియకుండానే అత్త పీట లాక్కుని, గొంతు బొంగురు చేసి, "ఒరే గౌరీసు, ఇన్నావా?" అన్నాను.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గొంతు నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ సాగుతుందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. "నీ పెళ్ళాం పొద్దున్నే పార పోగొట్టినాదిరా. ఎక్కడెట్టినావే అంటే ఎతుకుతాను అంటాది," అన్నాను. దీపం మెల్లగా ఆకుపచ్చ అయింది.

సాయంత్రం నా వంతు. నా గొంతు విప్పితే అందులో ఏం బయటపడుతుందో నాకే నమ్మకం లేదు. అందుకని అదీ అత్త గొంతుతోనే కానిచ్చేశాను.

పుష్యం ఆఖరు, మంగళవారం

రోజులు నడుస్తున్నాయి. లేస్తాను, మంచు తీస్తాను, తిప్పుతాను, రాస్తాను, తింటాను. ఇద్దరి తిండి ఉంది, సగం కూడా దిగడం లేదు.

చెవిమాట మాత్రం రెండు పూటలా అత్తదే. నన్ను నేను తిట్టుకోవడం మొదట్లో కష్టంగా ఉండేది. తిట్టాలంటే ముందు తప్పు వెతకాలి కదా. వెతుకుతుంటే బాగానే దొరుకుతున్నాయి. గిన్నెలు తోమి బోర్లించను. మేకతో మాట్లాడతాను కానీ మనుషులతో మాట్లాడను. నడుస్తుంటే కాలు ఈడుస్తాను. "కాలీడిస్తే ఇంటికి మంచిది కాదే అంటే, సలికి పట్టేసినాది అత్తా అంటాది. ఈవిడొక్కర్తికే సలి," అన్నాను నిన్న. చెప్పి నాకే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకున్నాను, నవ్వితే అది నా నవ్వు అవుతుంది.

ఆదిలచ్చి గుమ్మంలో నిలబడి విందట. లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి, "నాను మీ అత్తే లెగిసొచ్చినాదనుకున్నానే. నాకు బయమేసినాది," అంది.

మాఘం, సోమవారం

మేక ఈనింది. ఒక్క పిల్లే, ఆడది.

పొద్దున చెవిమాట చెబుతూ, మేక ఈనుతుంటే నేను దిక్కులు చూస్తూ నిలబడ్డానని నన్ను తిట్టాను. నిజానికి నేను నిలబడలేదు. మోచేతుల దాకా నెత్తురుతో పిల్లని బయటికి తీసింది నేనే. అత్త ఉంటే ఇవాళ తిట్టేది కాదేమో. ఏమో, తిట్టేదేమో. ఆవిడ ఏమనేదో ఇక ఎవరికీ తెలియదు. మంచులో పడుకున్న మనిషి నోట్లో నేను లేనిపోని మాటలు పెడుతున్నానని అప్పుడు తోచింది. ఆవిడ బతికుండగా తిట్టిన తిట్లు ఆవిడవి. పోయాక తిట్టేవి నావి. ఇది పాపం అనిపించింది.

సాయంత్రం నుంచి అత్త గొంతు ఉంచాను, తిట్లు మానేశాను. నా పేరు ఎత్తనే లేదు. మేకపిల్ల గురించి, గాలి గురించి చెప్పాను. ఆవిడ నోటితో మంచి మాటలు చెబుతుంటే నా మనసు కాస్త తేలికపడింది.

మాఘం, శుక్రవారం

దీపం పసుపుగా ఉంది. నిన్నటినుంచీ అంతే.

రేడియోలో నర్సుని అడిగాను. అత్త పోయిన సంగతి ఆమెకి తెలుసు, నేను చేస్తున్నదీ చెప్పాను. "ఆయనకి ఇంటి మాట చాలడం లేదేమో వరాలూ. ఇంకా ఎక్కువ మాట్లాడు," అంది.

సరే, మాట్లాడాను. అత్త చిన్నప్పటి సంగతులు, ఆవిడ నాకు ఎన్నోసార్లు చెప్పినవన్నీ తవ్వి తీశాను. వాళ్ళ నాన్న చింతచెట్టు మీదనుంచి పడడం, ఆవిడ పెళ్ళిలో వాన, గౌరీసు పుట్టిన రోజు ఎలుగుబంటి గుమ్మం దాకా రావడం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చెప్పాను. గొంతు మండిపోయింది.

దీపం ఇంకా ముదిరింది, పసుపు కాస్తా నారింజకి తిరిగింది.

మాఘం ఆఖరు, ఆదివారం

ఆదిలచ్చి ఏదో అడిగితే, "ఏటే, సెప్పు," అని అత్త గొంతుతో పలికాను. కావాలని కాదు. ఆమె బెదిరిపోయి నా భుజాలు పట్టుకుని కుదిపింది.

"నీ గొంతుతో మాటాడవే. ఒక్కసారి మాటాడు."

ప్రయత్నించాను. గాలి తప్ప ఏమీ రాలేదు. నాకు బాధగా కూడా లేదు. వేళ్ళు చలికి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, లోపలంతా అలాగే ఉంది.

"పోనీ ఆడి సెవిలో నీ మాటే సెప్పి సూడకూడదేటి?" అంది.

తల అడ్డంగా ఊపాను. నా మాటకి ఏముంది బలం? మంచు పడ్డాది, మేక బాగున్నాది. అమ్మ గొంతుకే నిలవని మనిషి నా వాతావరణానికి నిలుస్తాడా? అమ్మ గొంతూ ఆగిపోతే ఆ కాస్త కూడా పోతుంది. అంత ధైర్యం నాకు లేదు.

ఫాల్గుణం, బుధవారం

ఇవాళ దీపం ఎర్రగా కొట్టుకుంది.

వంట వదిలేసి పరుగెత్తాను. కనురెప్పలు అదురుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి. "ఒరే గౌరీసు, నానేరా," అన్నాను, అంతే, గొంతు పూర్తిగా పోయింది. ఏ గొంతూ లేదు ఇక. ఈయన నా చేతుల్లోనే పోతాడనుకున్నాను. అత్తకి ఇచ్చిన మాట పోతుంది. వెనకాల మంచులో ఒకరున్నారు, ఇద్దరవుతారు. అప్పుడు భయం వేసింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నిజంగా భయం వేసింది.

ఏం చెయ్యాలో తెలియక కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళకి నూనె రాశాను. రాస్తూనే ఉన్నాను. కుంపట్లో నిప్పు ఆరిపోయినా లేవలేదు. ఎప్పటికో తలెత్తి చూస్తే ఎరుపు పోయింది. పసుపు ఉంది. ఎందుకు తగ్గిందో నాకు తెలియదు.

అప్పటినుంచి మాట లేదు. పొద్దునా సాయంత్రం కాళ్ళకి నూనె రాస్తున్నాను.

ఫాల్గుణం, శనివారం

దారి తెరిచారు. మధ్యాహ్నానికి నర్సు వచ్చింది. కప్పు మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. దీపం పసుపు రంగు చూసి నర్సు పెదవి విరిచింది కానీ, నాడి పట్టుకుని, "నిలబడ్డాడు," అంది. మందు దింపే సూది వేసి, ఇద్దరం చెరో పక్కనా కూర్చున్నాం. ఆయన లేవగానే చెప్పవలసిన మాట గురించే ఆలోచిస్తున్నాను. పొద్దుటినుంచి వేడినీళ్ళు తాగి తాగి గొంతు కొంచెం తెచ్చుకున్నాను, దానికోసమే.

కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి ఎత్తి నా బుగ్గ ముట్టుకున్నాడు, వేడిగా ఉందో లేదో చూస్తున్నట్టు.

"వరాలు?"

"ఊఁ."

"బతికే ఉన్నావేటే?"

చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదలలేదు. నాకేమీ అర్థం కాలేదు.

"కొన్నాళ్ళకాణ్ణుంచీ నీ మాట ఒక్కటీ ఇనబడనేదు," అన్నాడు. "గొంతు పట్టేసినాదేమో అనుకున్నాను. అమ్మ నిన్ను తిడతన్నాది కదా, ఉన్నాదిలే అనుకున్నాను. మేక ఈనినాక అమ్మ తిట్టడం మానేసినాది. నీ పేరే ఎత్తడం మానేసినాది. అమ్మ బతికున్నోళ్ళనే తిడతాదే వరాలు. అప్పుడే అనుకున్నాను, నువ్వు పోనావు, నాకు తెలకుండా అమ్మ దాస్తన్నాదని. లెగుద్దామని సూసినాను. ఎంత సూసినా రానేదు."

నర్సు నావైపు చూసి, తల దించుకుంది. ఈయన ప్రాణం మీదికి తెచ్చింది నేనే. ఒక్క పూట, ఒక్క ముక్క నా గొంతుతో చెప్పి ఉంటే సరిపోయేది. మంచు పడ్డాది, పడుకో బావా. అది చాలు.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా నవ్వు. తలుపు వైపు తిరిగి, లేని ఓపిక తెచ్చుకుని కేకేశాడు.

"ఓలమ్మా! ఎంత బయపెట్టినావే నన్ను! ఏటి దాక్కున్నావు? ఇటు రా!"

పిలిస్తే పలకడం నాకు అలవాటైపోయింది. "ఒస్తన్నానురా" అనే మాట గొంతుదాకా వచ్చేసింది, ఆవిడ గొంతుతోనే. పళ్ళు బిగించి ఆపాను. దాని బదులు ఏడుపు వచ్చింది. పుష్యంలో రావలసింది ఇప్పుడు వచ్చింది, నా సొంత గొంతుతో, ఇల్లంతా వినబడేలా.

ఆయన ఇంకా తలుపు వైపే చూస్తున్నాడు. ఆ నవ్వు కాసేపు మొహం మీద అలాగే ఉంది. తర్వాత నా వైపు తిరిగాడు. నేను చెప్పనక్కర్లేకపోయింది.